మీగడ సగం

పెద్దల మాటల్ని పెరుగులో దాచుకోవడం ఇంటింటా అలవాటై ఇరవయ్యేళ్లు దాటింది. తోడులోని సూక్ష్మజీవుల్లో గొంతు నిలిచి ఉంటుంది. గిన్నెలో వినికిడి గరిటె ముంచితే చాలు, పలుకుతుంది.

అమ్మ పోయాక ఇందుమతి, చెల్లెలు అనసూయ ఆమె గిన్నెను పంచుకున్నారు. అనసూయ పట్టుబట్టి మీగడ ఉన్న పైసగం తీసుకుంది. అమ్మ చివరి రోజుల్లో తనకోసం చెప్పిన రహస్యం పైనే తేలి ఉంటుందని ఆమె నమ్మకం.

ఇంటికొచ్చి దాన్ని గోరువెచ్చని పాలలో తోడువేసింది. సాయంత్రానికి పెరుగు తోడుకుంది. గరిటె ముంచగానే అమ్మ గుసగుసగా అంది: “అనసూయా, నాకు నువ్వంటేనే ఎక్కువ ఇష్టం. అక్కతో అనకు.”

గరిటె తీసేసి అక్కకు ఫోన్ చేసింది. “నీ సగంలో ఏం మిగిలిందక్కా?”

“అంతా ఉందే. ఆ సూక్ష్మజీవి రెండుగా విడిపోయేముందే గొంతు దాచిన లోపలి పోగుకి నకలు తీసి, చెరో కొసకీ ఒకటి లాగేసి, మధ్యలో గోడ కట్టుకుంటుందట. ఏ పిల్లకీ సగం రాదు.”

“మరి అసలుది ఎవరి దగ్గరుంది?”

“ఎవరి దగ్గరా లేదు. రెండూ పిల్లలే.”

“అయితే నాతో చెప్పింది నువ్వూ విన్నావా?”

“విన్నాను. నువ్వు గరిటె తొందరగా తీసేసినట్టున్నావు. మళ్లీ ముంచి, ఈసారి కాసేపు ఉంచు.”

ఉంచింది. తన మాట అయ్యాక మళ్లీ అదే గుసగుస: “ఇందూ, నాకు నువ్వంటేనే ఎక్కువ ఇష్టం. చెల్లితో అనకు.”

అనసూయ కారుతున్న గరిటెను పైకెత్తి పట్టుకుంది. “అక్కా, ఇందులో ఏది నిజం?”

“రేపు మళ్లీ తోడువేసి చూడు,” అంది ఇందుమతి. “రెండూ చెప్తుంది.”