నాన్న గది వాసన

అక్క రాసిన నవల అచ్చయింది. పుస్తకంతో పాటు చిన్న అత్తరు సీసా కూడా ఇస్తారట. అత్తర్లు కలపడం నా వృత్తి కాబట్టి అక్క నా దుకాణానికి వచ్చింది.

"నాన్న చివరి రోజుల్లో ఆ గది ఎలా ఉండేదో, అదే వాసన రావాలిరా. మూత తీస్తే చదివేవాళ్లకు ఏడుపు రావాలి."

నవలలో కూతురు తండ్రి మంచం దగ్గరనుంచి కదలదు. ఎన్ని కబుర్లు పంపినా కొడుకు రాడు.

"అది చదివి మేనత్త నా మొహాన తలుపేసింది అక్కా."

"కథను కథలా చూడాలి. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకుంటావేం?"

నేను ఖాళీ సీసా తీశాను. "ఏమేం కలపమంటావు?"

అక్క బల్ల మీది సీసాలను అటూ ఇటూ జరిపింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఇంతకీ ఆ గదిలో ఏ వాసన ఉండేదిరా? నేను రాలేదు కదా. దగ్గరున్నది నువ్వేగా."