తాడు గుంజిన చేయి

గోదావరిలో మునిగి లేచేసరికి సుందరాబాయి మెడలోని నల్లదారం తెగిపోయింది.

దానికున్న వెండి బిళ్ళ నీళ్లలో పడింది.

నాందేడ్‌లో గిన్నెల దుకాణం నడిపే కొడుకు శివరాజ్ దాన్ని పెద్ద నష్టంగా లెక్కించలేదు. అలాంటిదే ఇంకొకటి చేయిస్తానన్నాడు.

"ఇంకోటి అదైతదారా?" అన్నది తల్లి.

ఆ రోజు నుంచి ఆమె గంజి తప్ప ఏమీ ముట్టలేదు. నెల తిరిగేసరికి చిక్కి సగమైంది.

శివరాజ్ చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. తినే ముందు తల్లి ఆ బిళ్ళను కళ్లకద్దుకొని, మొదటి ముద్ద పక్కన పెట్టేది. ఆమె బొటనవేలి రాపిడికి దాని మీది బొమ్మ అరిగిపోయింది. ఎవరో దేవత అనుకున్నాడే గాని అడగలేదు. బేరానికి పనికిరాని ప్రశ్న అతను ఎవరినీ అడగడు.

ఈతగాళ్లను దింపితే, బురదలో అంత చిన్న బిళ్ళ దొరకదని చేతులెత్తేశారు. వాళ్లకు పోయేది ఒక పూట కూలి, తనకు పోయేది తల్లి. అంతే లెక్క. తానే నేర్చుకోవాలనుకున్నాడు.

నేర్పింది హన్మంతు. వరదలప్పుడు గాలి సిలిండర్ వీపున కట్టుకొని నీటి అడుగుకు దిగే మనిషి.

"బురద నీళ్లల్ల కండ్లు పనిచెయ్యయి సేటు. అరచెయ్యే కన్ను," అన్నాడు.

దిగినవాడి నడుముకు కట్టిన తాడు కొస గట్టు మీద హన్మంతు చేతిలో ఉంటుంది. తాడు బిగువుగా ఉంచి, ఆ చివర నుంచి ఈ చివరకు నేలను తడుముతూ పోవాలి. ఒక వరుస అయ్యాక హన్మంతు తాడు కొంచెం వదులుతాడు. తాడు గుంజితే, గుంజిన వైపు రావాలి. హన్మంతు విసిరిన స్టీలు గ్లాసులను వెతికి తెచ్చి తెచ్చి శివరాజ్‌కు చేయి కుదిరింది.

తల్లి మునిగిన ఘాట్ దగ్గర వెతకడం మొదలుపెట్టిన రోజు, చివరి మెట్టు మీద ఒకామె కూర్చుని ఉంది. తడి జుట్టు, ఆకుపచ్చ గాజులు, గడ్డం మీద మూడు పచ్చబొట్లు. పాతికేళ్లు దాటవు.

"ఏం ఎతుకుతున్నవ్ బిడ్డా?"

తలలో తెల్లవెంట్రుకలు వచ్చినవాణ్ని పట్టుకొని బిడ్డా అంటుందేమిటి అనుకున్నాడు. నీళ్లలోకి దిగిపోయాడు.

మర్నాడూ ఉంది. జుట్టు ఇంకా తడిగానే ఉంది.

"గా పగిలిన మెట్టు కింద చూడు," అని ఎడమవైపు చూపించింది.

అడగకుండా చేతికొచ్చే సరుకును శివరాజ్ నమ్మడు. తీసి దాచింది ఈమే అయి ఉంటుందనుకున్నాడు.

"చూపెడితే నీకేం గావాలె?"

"దొరికితే నన్ను ఇంటికి తోల్కపో."

"మా ఇంట్ల నీకు జాగ లేదు. నడువు."

ఆమె నొచ్చుకోలేదు. నీళ్లవైపు చూస్తూ కూర్చుంది.

శివరాజ్ కుడివైపు దిగాడు. కింద చీకటి. తన ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు.

తాడు గుంజింది. గట్టు వైపు కాదు, ఎడమకు.

హన్మంతు అటు నడిచాడు కాబోలు అనుకొని కదిలాడు. మళ్లీ గుంజింది, మెల్లగా, పసివాణ్ని నడిపించినట్టు. అరచేతికి పగిలిన రాయి తగిలింది. దాని కింద వేళ్లు పెట్టాడు.

బిళ్ళ.

పైకి వచ్చేసరికి హన్మంతు కూర్చున్నచోటే కూర్చుని ఉన్నాడు.

"నేను గుంజలే సేటు. నువ్వే గుంజుతున్నవనుకున్న."

"గిక్కడ కూసున్నామె ఏది?"

"ఏ ఆమె? పొద్దటిసంది మనమిద్దరమే ఉన్నం."

ఆమె కూర్చున్న మెట్టు మీద తడి పాదాల గుర్తులున్నాయి. అన్నీ నీళ్లలోకి దిగేవే. ఎక్కినవి లేవు.

ఇంట్లో బిళ్ళ మెడలో పడగానే సుందరాబాయి అన్నం పెట్టమన్నది. ఆమె మొదటి ముద్ద పక్కన పెడుతుంటే, శివరాజ్ ఘాట్ మీది మనిషి సంగతి, ఆమె అడిగిందీ చెప్పాడు.

తల్లి చేయి ఆగింది.

"గదువ మీద పచ్చబొట్లున్నయా?"

"మూడు. నీకెట్ల ఎర్క?"

"నన్ను చేసుకోకముందు మీ నాయినకు ఒక భార్య ఉండె. గా ఘాట్ల తానానికి దిగి మల్ల లేవలే. పీనుగ గూడ దొరకలే. రెండో పెండ్లాం మెడల మొదటామె బొమ్మ చెక్కిన బిళ్ళ కట్టుడు మన రివాజు, ఆమె గిండ్లనే ఉంటదని." చేతిలోని ముద్దను పక్కన పెట్టి అడిగింది. "ఇంటికి తోల్కపొమ్మంటే ఏమన్నవ్రా?"

"జాగ లేదు, నడువుమన్న," అన్నాడు శివరాజ్.

సుందరాబాయి అరిగిన బిళ్ళను కళ్లకద్దుకొని, "పిలగాడు ఎర్కలేక అన్నడక్కా, నీ ఇంట్లకు నువ్వు అచ్చినవ్ తియ్," అన్నది.