తలుపుకు అడ్డంగా

"లేరా మీ స్నేహితుడు?" వ్యాను అద్దం సగం దించి అడిగింది మిర్యా.

అర్మాస్ ఇంటి గేటు దగ్గర తైస్తో కొయ్యబారి నిలబడి ఉన్నాడు. చంకలో రెండు మడత పీటలు, భుజాన మంచుకు కన్నం వేసే బర్మా. కువోపియో రేడియో పొద్దున మైనస్ ఇరవై ఎనిమిది అని చెప్పింది. ఇద్దరూ కలిసి గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని చేపలు పట్టడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు. తీరా వచ్చి చూస్తే తలుపుకు అడ్డంగా చీపురు ఆనించి ఉంది.

ఈ ఊళ్లో తాళాలు వేసే అలవాటు లేదు. చీపురు అడ్డం పెట్టారంటే ఇంట్లో మనిషి లేడని అర్థం. దాన్ని తీసి లోపలికి పోయే మర్యాద తక్కువ మనిషి ఇంతవరకు ఇక్కడ పుట్టలేదు.

"నిన్నా ఇంతే. గేటు దగ్గర్నుంచే చీపురు చూసి భోజనం వెనక్కి పట్టుకుపోయాను" అంది మిర్యా. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు రోజూ మధ్యాహ్నం భోజనం తెచ్చిపెట్టేది ఆవిడే. "ఎక్కడికెళ్తున్నారో మీకు చెప్పలేదా?"

"నాకెందుకు చెప్తాడు? నేనెవర్నని?"

"తుర్కు పట్నంలో చెల్లెలు ఉందిగా. అక్కడికే అయ్యుంటుంది లెండి."

వ్యాను వెళ్లిపోయింది. నిన్న పగలు కురిసిన మంచు మెట్ల మీద చెక్కుచెదరకుండా ఉంది. అడుగు జాడ ఒక్కటి లేదు. అంటే మంచు పడకముందే బయల్దేరాడన్నమాట! ఇద్దరూ కాగితం మిల్లులో ముప్ఫై ఎనిమిదేళ్లు ఒకే యంత్రం దగ్గర పనిచేశారు, ఒకే రోజు రిటైరయ్యారు. చుట్ట కొనుక్కోవడానికి వెళ్తున్నా చెప్పి వెళ్లే మనిషి, ఊరు దాటుతూ ఒక్క మాట చెప్పలేదు. తైస్తోకు ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చినంత పనైంది.

సరస్సు మధ్యకు నడిచి, కన్నం వేసి, గాలం దించాడు. అలవాటు కొద్దీ రెండో పీట కూడా వేశాడు. ఎండ ఉంది గానీ వేడి లేదు. ఒడ్డున ఉన్న ఇళ్ల పొగ గొట్టాల్లోంచి పొగ నిటారుగా లేస్తోంది. ఒక్క అర్మాస్ ఇంటికే లేదు. పొయ్యి ఆర్పేసి మరీ నింపాదిగా పోయాడని తైస్తో ఇంకాస్త రగిలిపోయాడు.

గంటకల్లా తైస్తో భార్య కెర్తు, కాలితో నేలను తన్నుకుంటూ మంచు మీద జారే తోపుడు స్లెడ్జి బండి మీద వచ్చింది. ఫ్లాస్కులో కాఫీ, గుడ్డలో చుట్టిన యాలకుల బన్నులు తెచ్చింది.

"మూడు తెచ్చాను. మూడోవాడేడీ?"

"చెక్కేశాడు. చీపురు పెట్టి మరీ పోయాడు."

"గురువారం నువ్వన్న మాటలకి ఎవరైనా పోతారు. చేప పొడవు తోకతో కొలవాలా, తోక లేకుండా కొలవాలా అని డెబ్భై ఆరేళ్ల మనిషిని పట్టుకుని దొంగ అంటావా?"

"అన్నాను. తప్పే. అందుకేగా నిన్న తెల్లారకముందే పోయి వాడి మెట్ల మీద మంచంతా తీసి, ఉప్పు చల్లి వచ్చింది! మోకాలు బాగోని వాడు, జారిపడతాడని. అంతకన్నా ఏం చెయ్యను, కాళ్లు పట్టుకోనా?"

"తలుపు తట్టి, తప్పయిపోయిందిరా అని ఒక్క మాట అనొచ్చుగా?"

"తడదామనే చెయ్యెత్తాను. అప్పుడే లోపల ఏదో దబ్బుమంది. నా అలికిడి విని బూటు విసిరినట్టున్నాడు. నాకూ తిక్క రేగింది. ఎక్కడిదక్కడ వదిలేసి వచ్చేశాను."

"ఇద్దరూ ఇద్దరే! ఫోన్ చెయ్యి."

"నేను చెయ్యను. వాడే చెయ్యాలి."

కెర్తు మూడో బన్ను ఖాళీ పీట మీద పెట్టి వెళ్లిపోయింది.

రెండు దాటాక గాలం గట్టిగా లాగింది. పైకి తీస్తే మూరెడు పెర్చ్ చేప. "చూడరా అర్మాస్, తోక లేకుండానే ఎంతుందో!" అని పక్కకు తిరిగాడు. పీట మీద బన్ను రాయిలా గడ్డకట్టుకుపోయి ఉంది. ఆ చేప పట్టిన సంతోషం అక్కడికక్కడే చచ్చిపోయింది. ఇక పౌరుషం చాలనుకున్నాడు. చేపకు పొగబెట్టి దాచాలి, స్నానం కాగానే తనే ఫోన్ చెయ్యాలి, తోక కలిపే కొలుద్దాంలే అనాలి. అలా నిర్ణయించుకోగానే మనసు తేలికపడి, ఇంటికి పోతూ దారంతా ఈల వేశాడు.

శనివారం కావడంతో కెర్తు అప్పటికే పెరట్లోని ఆవిరి స్నానాల గది, సౌనా, వేడి చేసి ఉంచింది. తైస్తో పై బల్ల ఎక్కి కూర్చుని, కాలిన రాళ్ల మీద గరిటెడు నీళ్లు పోశాడు. ఆవిరి వీపు మీదికి ఎక్కుతుంటే హాయిగా మూలిగాడు. ప్రతి శనివారం అర్మాస్ కూర్చునే చోటు పక్కనే ఖాళీగా ఉంది. వచ్చే వారానికల్లా వాడు ఇక్కడే కూర్చుని, నీళ్లు ఎక్కువ పోశావని సణుగుతుంటాడు. ఆ సణుగుడు తలుచుకుంటే నవ్వొచ్చింది.

బయట్నుంచి కెర్తు కేక వేసింది.

"తైస్తో! సౌనా మెట్ల మీద మంచు పేరుకుపోయింది. జారిపడితే ఈ వయసులో లేపేవాళ్లుండరు. చీపురేదీ?"

"కొట్టంలో చూడు."

"చూశాను. లేదు."

"కట్టెల వెనక చూడు."

"అక్కడా లేదు. నిన్న తెల్లవారుజామున నువ్వేగా పట్టుకుపోయావు?"

రెండో గరిటె తైస్తో చేతిలో గాల్లోనే ఆగిపోయింది. నీళ్లు బొట్లు బొట్లుగా రాళ్ల మీద పడి చుయ్యిమంటున్నాయి. చిన్న కిటికీలోంచి అర్మాస్ ఇల్లు కనిపిస్తోంది. పొగ లేదు, దీపం లేదు. నిన్నటి ఆ దబ్బుమన్న చప్పుడు ఇప్పుడే విన్నట్టుగా చెవుల్లో పడింది.

ఆ తలుపుకు అడ్డంగా ఉన్న చీపురు తనది.