ముట్టుకున్న పావు

"ముట్టుకున్న పావు కదపాల్సిందే. ఇది నేను పెట్టిన రూలా?" అన్నాడు స్వెతోజార్, కాఫీ కప్పులోంచి తలెత్తకుండా.

సోంబోర్ ఊరి చదరంగం క్లబ్బులో అతను చెప్పిందే వేదం. ఎదురుగా దూన్యా లాప్‌టాప్ గుండెలకి హత్తుకుని నిలబడి ఉంది. నిన్న ఆన్‌లైన్‌లో, గెలవబోయే ఆటలో, ఏనుగును అప్పనంగా ఇచ్చేసింది. ఆదివారం లీగ్ ఫైనల్, అదీ ఆన్‌లైన్‌లోనే. జట్టును ఇవాళే ప్రకటిస్తారు. చిన్నప్పటి నుంచీ ఆమె కలగన్నది ఆ జట్టులో ఒక్క కుర్చీ.

"కావాలని ముట్టుకోలేదు మాస్టారూ. అరచేయి టచ్‌ప్యాడ్‌కి తగిలింది. ఏనుగు దానంతటదే జారింది."

"దానంతటదే." స్వెతోజార్‌కి ఒళ్లు మండింది. "ఆడలేక మద్దెల ఓడు అందట, నీలాంటిదే ఎవత్తో."

"ఇంక జరగదు. ఎఫ్ ఎయిట్ కీ పని మార్చేశాను. ఇదివరకు పాటలాపేది. ఇప్పుడది నొక్కితే టచ్‌ప్యాడే ఆగిపోతుంది. మౌస్‌తోనే ఆడతాను."

"రేపు కుర్చీకి బెల్టు కూడా కట్టించుకుంటావా, జారిపడకుండా?"

కిటికీ దగ్గర ముసలి మీరోస్లావ్ కిసుక్కున నవ్వాడు.

ఈ కాలం పిల్లలంటేనే స్వెతోజార్‌కి ఏవగింపు. తప్పు తాము చేస్తారు, నెపం యంత్రం మీదకి నెడతారు. అతను గోడకేసి వేలు చూపించాడు. "అదిగో, అక్కడ ఏ బటన్ ఉందో చెప్పు చూద్దాం."

గోడ మీద అద్దాల ఫ్రేములో ఒక చదరంగం ఆట పటం. ఊళ్లన్నీ తలుపులు మూసుకున్న ఏడాది, ఎవరింట్లో వాళ్లు కూర్చుని కంప్యూటర్ మీద ఆడిన లీగులో, స్వెతోజార్ తన మంత్రిని తీసుకెళ్లి ఎదుటివాడి గుర్రం నోట్లో పెట్టాడు. ఎదుటివాడు సంబరంగా మింగేశాడు. కాసేపటికే వాడి రాజుకి ఆట కట్టింది. క్లబ్బులో కొత్తగా చేరే ప్రతివాళ్లూ ఆ పటం ముందు నిలబడి ఒక గ్లాసు రకియా సారా తాగాలి. అంత దూరం ఎలా చూడగలిగారని ఎవరడిగినా స్వెతోజార్‌ది ఒకటే జవాబు: "కొన్ని చెప్తే అర్థం కావు."

దూన్యా తల దించుకుంది.

"ఆదివారం నీ బదులు నెనాద్ ఆడతాడు. వాడు గాడిదే గానీ, చేతులు అదుపులో ఉంటాయి. నువ్వు వెళ్లి నా లాప్‌టాప్ పెద్ద తెరకి తగిలించు. సుబోతిత్సా ఊరి వాళ్లతో నా ఆన్‌లైన్ ఆట మొదలవబోతోంది."

ఆమె కళ్లు తుడుచుకుని వెళ్లింది. వైరు తగిలించి, టచ్‌ప్యాడ్ మీద వేలు జరుపుతూ బోర్డును తెర మధ్యకి తెస్తోంది. స్వెతోజార్ వచ్చి పక్కన కూర్చున్నాడు. నెనాద్‌ని ఏదో తిడుతూనే, చూడకుండానే, ఎడమచెయ్యి చాచి పైవరసలో ఒక కీ నొక్కి, మౌస్ అందుకున్నాడు.

దూన్యా వేలు జరుపుతూనే ఉంది, తెర మీద బాణం గుర్తు ఆగిపోయింది. మళ్లీ జరిపింది. కదల్లేదు.

ఆమె ఆ కీని చూసింది. దాని మీద అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. పక్కనున్నవి ఎఫ్ సెవెన్, ఎఫ్ నైన్. ఆ తర్వాత గోడకేసి చూసింది.

"ఏంటలా చూస్తున్నావ్?" అన్నాడు స్వెతోజార్.

"ఏం లేదు మాస్టారూ. కొన్ని చెప్తే అర్థం కావు."

అరచేయి తగిలి తన మంత్రి గుర్రం నోట్లోకి జారిపడిన మర్నాడే స్వెతోజార్ ఆ కీ పని మార్పించుకున్నాడు.