పన్నెండుకు పన్నెండు

"థూ! వీడి పని పాడుగాను, చేత్తో చేశాడా కాలితో చేశాడా?"

జోలీన్ తన తండ్రి పడవ ఇంజనులోంచి ఆరో పిస్టన్‌ని కూడా తీసి గుడ్డ మీద పడేసింది. షెడ్డంతా మాడిన నూనె కంపు. పిస్టన్ చుట్టూ తొడిగే రింగు మీద చిన్న చుక్క ఉంటుంది. అది పైకి ఉండేలా బిగించాలి. ఇంజను ముట్టుకున్న మొదటి రోజే ఎవరైనా నేర్చుకునే సంగతి అది. ఇక్కడ మాత్రం ప్రతి పిస్టన్‌కీ పై రెండు రింగులూ చుక్క కిందికే ఉన్నాయి.

"పన్నెండుకు పన్నెండు! కళ్ళు మూసుకుని బిగించినా సగమైనా సరిగ్గా పడేవి కదమ్మా!"

తల్లి వినీ కాఫీ ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. "పోనీలేవే. పాత ఇంజను."

"పోనిస్తానా? కాస్త వేగం పెంచితే నూనె మాడి నీలం పొగ! మూడేళ్ళు నాన్న అఖాతం దాటలేకపోయాడు. బయటి దిబ్బల దగ్గర అందరూ బోనులు నింపుకుంటుంటే, ఆయన ఒడ్డు పక్కన పిల్ల లాబ్‌స్టర్లను కొలిచి, సైజు చాలక మళ్ళీ నీళ్ళలో వదిలేస్తూ కూర్చున్నాడు. ఆ దిగులుతోనే మంచం పట్టాడు."

జోలీన్ తండ్రి హార్లీ పోయి ఆరు నెలలైంది. రింగులు వేసింది ఆల్డెన్. నలభై ఏళ్ళుగా రేవులో పడవలన్నిటికీ అతనే మెకానిక్. రింగులు వేసిన ఏడాదే, దానికి కాస్త ముందు, జోలీన్ అన్న క్లే ఆ బయటి దిబ్బల దగ్గరే తుఫానులో మునిగిపోయాడు. ఇంట్లో పని సరిచూసుకునే స్థితిలో ఎవరూ లేరు.

కబురందుకుని ఆల్డెన్ వచ్చేసరికి జోలీన్ కొత్త రింగును సిలిండరులోకి దించి, చివరల మధ్య సందును సన్నటి రేకుతో కొలుస్తోంది.

"ఇవి నువ్వు వేసినవేనా?"

ముసలాయన పిస్టన్ల వైపు చూడనైనా లేదు. "నేనే."

"తాగి వేశావా?"

"లేదు."

"మరేం రోగం?"

"నాదే తప్పమ్మాయ్. ఏమంటావో అను."

ఆ నింపాదితనం చూసి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు మొహమైనా పెట్టడే! "అంటా. సాయంత్రం రేవు మీటింగులో ఈ రింగులు పడవలవాళ్ళందరి ముందూ పోస్తా. రేపట్నుంచి నీచేత బోల్టు బిగించుకునేవాడు కూడా ఉండడు."

"సరే," అని ఆల్డెన్ టోపీ సర్దుకున్నాడు.

"నీ చెత్త పనితో మాకేం ఒరిగిందీ? ఈ రింగులు నేను సరిగ్గా వేసుకుంటా. సోమవారం దిబ్బల దగ్గరికి నేనే వెళ్తా."

వినీ ఇద్దరి మధ్యకూ వచ్చింది. "అతన్నేం అనకు జోలీన్."

"ఎందుకమ్మా వెనకేసుకొస్తావ్? నాన్న బతుకు నాశనం చేశాడు!"

"మీ నాన్న క్లేలాగా నీళ్ళలో పోలేదు, మంచం మీద పోయాడు. నా చెయ్యి పట్టుకుని పోయాడు."

"వద్దు వినీ," అన్నాడు ఆల్డెన్.

ఆమె వినలేదు. కూతురి కళ్ళలోకి చూసింది.

"నేను కాళ్ళావేళ్ళా పడితే అలా బిగించాడు."