హాజరు పట్టీ

ఉపన్యాసం సగంలో ఉండగానే వెనక బెంచీల వాళ్లు లేచిపోవడం మొదలుపెట్టారు. డాక్టర్ అపొండి గొంతు పెంచింది. ఏ దేశంలో ఏ కంపెనీ ఏ రేవును ఎలా మింగిందో నైరోబీలో ఇరవై ఏళ్లుగా పెద్ద పెద్ద సభల్లో చెబుతూ వచ్చింది. తాను పుట్టిన ఈ సరస్సు ఒడ్డున, చేపలు ఎండబెట్టుకునే వాళ్లకు చెప్పడం మాత్రం చేతకావడం లేదు. మూడింటికి కౌంటీ ఆఫీసులో విచారణ. ఊరి రేవు హోటల్ కంపెనీకి పోతుందో, ఉంటుందో అక్కడే తేలిపోతుంది.

కాగితాలు పక్కన పడేసింది.

"దేశాల సంగతి వదిలేయండి. రేవు ఇచ్చేస్తారా అని మిమ్మల్ని ఎవరైనా పిలిచి అడిగారా?"

"మమ్మల్నడిగే మొనగాడెవడమ్మా? సభకొస్తే ఇస్తామన్న సోడా ఎప్పుడిస్తారో చెప్పే దిక్కే లేదు," అంది ముందు వరుసలోని రిస్పా అవ్వ. అందరూ నవ్వారు.

అపొండికి నవ్వు రాలేదు. "నాక్కావలసింది ఆ మాటే అవ్వా. ఊరిని కూర్చోబెట్టి అడక్కుండా ఇస్తే చెల్లదు, చట్టం ఉంది. మనకు మిగిలిన ఆధారం అదొక్కటే. నాతో వచ్చి ఆ ముక్క చెప్పండి. మీ కాళ్లు పట్టుకుంటా."

లేచినవాళ్లు మెల్లగా కూర్చున్నారు.

అంతలో, ఊరి మీద సర్కారు పెట్టిన అధికారి చీఫ్ దగ్గర గుమాస్తాగా ఉన్న ఒగోలా ఎప్పటిలాగే హాజరు పట్టీ పట్టుకొచ్చాడు. చీఫ్ ఆవరణలో నలుగురు చేరితే చాలు, పేరు, గుర్తింపు కార్డు నంబరు, సంతకం ఉండాల్సిందే. సోడా, రొట్టె కూడా పట్టీ ప్రకారమే. పైన 'విషయం' అన్న గడి ఖాళీగా ఉందేమని అపొండి అడిగితే, అది ఆఫీసులో నింపుకుంటామన్నాడు.

రిస్పా అవ్వ పెన్ను ముట్టుకోలేదు. కాగితాలంటే తనకు భయమంది.

అపొండికి ప్రాణం విసిగిపోయింది. అవతల టైమైపోతోంది. "వచ్చినట్టు గుర్తు, అంతే అవ్వా. ఇదిగో, ముందు నేనే పెడుతున్నా."

ఆ తర్వాత ఎవరూ వెనకాడలేదు.

మూడింటికి రెండు లారీల జనం కౌంటీ ఆఫీసులో దిగారు. అపొండి లేచి, ఈ ఊరిని ఇంతవరకూ ఎవరూ సంప్రదించలేదని చెప్పింది. రిస్పా అవ్వ గట్టిగా తలూపింది.

కంపెనీ వకీలు తాపీగా ఒక పట్టీ తీసి అధికారి ముందు పెట్టాడు. ఈ ఉదయమే సంప్రదించారని, నూట ఎనభై మూడు సంతకాలున్నాయని చెప్పాడు.

అధికారి 'విషయం' గడిలో ఉన్నది పైకి చదివాడు. "రేవు అప్పగింతపై ఊరివారితో సమావేశం."

కళ్లద్దాలు సర్దుకుని తలెత్తాడు.

"ఈ మొదటి సంతకం మీదే కదా, డాక్టర్?"