రెండో కీపర్ ధర

నికొలస్ కాంట్రాక్టు మరో రెండేళ్లు పొడిగించారు.

ముప్ఫై ఎనిమిదేళ్ల గోల్ కీపర్‌కి రెండేళ్లంటే మాటలు కాదు. తెలుక్ ఇంటాన్ ఊరి ఫుట్‌బాల్ జట్టులో అతని ఈడువాళ్లంతా ఎప్పుడో బూట్లు విప్పేశారు. కొందరు లారీలు నడుపుతున్నారు, కొందరు ఫ్యాక్టరీల్లో చేరారు. సంతకం పెట్టడానికి క్లబ్ ఆఫీసు మెట్లెక్కుతుంటే నికొలస్‌కి మోకాళ్ల నొప్పి కూడా తెలియలేదు.

మేనేజర్ పైడిరాజు గది తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి శంకర్ వచ్చాడు.

నికొలస్ సంతోషం అక్కడే ఆగిపోయింది.

శంకర్ రెండో కీపర్. హుటాన్ మెలింటాంగ్ పడవల రేవులో పెరిగిన కుర్రాడు. ఇరవై రెండేళ్లు. ఏడాదిగా నికొలస్ వెనకాల బెంచీ మీద కూర్చుంటున్నాడు.

"సంతోషం అన్నా. రెండేళ్లంట కదా?"

"నీకెవలు సెప్పినారు?"

శంకర్ నవ్వి మెట్లు దిగిపోయాడు.

నా సంతకం రోజున మేనేజర్ గదిలో వీడికి ఏం పని, అనుకున్నాడు నికొలస్. నా చోటు అడగడానికే వచ్చుంటాడు.

ఆ రోజు నుంచి శంకర్ ఏం చేసినా అతనికి మంటగానే ఉండేది. ప్రాక్టీసులో శంకర్ గాల్లోకి లేస్తే కిందికి దిగడానికి తొందరే ఉండేది కాదు. నికొలస్ ఒకసారి పడితే మోకాలి మీద చెయ్యి ఆనించి లేవాలి. శంకర్ మైదానం పక్కనున్న మురికి కాలవని ఒక్క గంతులో దాటేసేవాడు. నికొలస్ వంతెన దాకా నడిచి చుట్టూ తిరిగి వచ్చేవాడు.

ఇంట్లోనూ అంతే. ఆదివారం చర్చి నుంచి రాగానే భార్య రేచల్ చేపల కూర వండి శంకర్‌ని పిలిచేది. తలకాయ ముక్క వాడి పళ్లెంలోనే పడేది.

"తిను తమ్ముడూ. ఎగిరేవోడివి, బలం కావాల."

ఆ ముక్క పదిహేనేళ్లుగా నికొలస్‌ది.

వాణ్ని పంపించెయ్యాలి. ఎలా? పొమ్మంటే తన బుద్ధి బయటపడుతుంది. వేరే క్లబ్ వాళ్లెవరైనా కొనుక్కుపోతే బాగుణ్ను. కాని బెంచీ మీద కూర్చున్నవాడికి ధర ఎవరు కడతారు? ఆడితేనే ధర. ఆడాలంటే నికొలస్ పక్కకి తప్పుకోవాలి.

చాలా రోజులు ఆలోచించి, పైడిరాజు దగ్గరికి వెళ్లాడు.

"బాస్, కప్పు మేచీలు శంకర్‌ని ఆడనియ్యండి. పిల్లోడు ఎదగాల కదా."

పైడిరాజు అతని భుజం తట్టాడు. "నీది పెద్ద మనసు నికొలస్," అన్నాడు.

మొదటి మేచీలో శంకర్ తడబడ్డాడు. కార్నర్ బంతికి ముందుకొచ్చి అందుకోలేకపోయాడు. ఇలాగైతే ఎవరూ కొనరు. నికొలస్‌కి భయం పట్టుకుంది. మర్నాటి నుంచి తనే నేర్పడం మొదలుపెట్టాడు. పెనాల్టీ కొట్టేవాడి కళ్లు కాదు, నడుం చూడాలన్నాడు. గుంపులో ముందు మోచేతులకి చోటు చేసుకోవాలన్నాడు. వానలో బంతిని పట్టుకోకుండా గుద్దెయ్యాలన్నాడు. ఒక్కో కిటుకు చెప్తుంటే ఇంట్లో సామాను ఒక్కొక్కటే బయట పెడుతున్నట్టుండేది. అయినా ఏదీ దాచలేదు. దాచితే ధర తగ్గుతుంది.

శంకర్ అన్నీ ఇట్టే పట్టేశాడు. సెమీఫైనల్లో రెండు పెనాల్టీలు ఆపాడు. స్టేడియం అంతా వాడి పేరే. నికొలస్ బెంచీ దగ్గర లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. పళ్లు బిగించి మరీ కొట్టాడు. తన ఇన్నేళ్ల ఆటలో ఎవరూ తన పేరు అలా అరవలేదు.

తర్వాతి వారమే తూర్పు తీరం నుంచి ఒక పెద్ద క్లబ్ వాళ్లు శంకర్‌ని అడగడానికి వచ్చారు. మంచి ధర చెప్పారు.

శంకర్ వెళ్లనన్నాడు.

"నానెక్కడికీ ఎల్లను అన్నా. మీ కాడే ఉంటాను."

నా చోటు ఖాళీ అయ్యేదాకా కాచుకుని కూర్చుంటాడన్న మాట, అనుకున్నాడు నికొలస్. పైకి మాత్రం వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏటి ఆ మాట? ఇక్కడుంటే ఇంకా రెండేళ్లు నీకు బెంచీయే. అన్న మాట ఇను. ఎల్లు."

శంకర్ తల వంచుకున్నాడు. "మీరు ఎల్లమంటే ఎల్తాను," అన్నాడు.

బస్ స్టాండుకి రేచల్ కూడా వచ్చింది. అన్నం మూట వాడి చేతిలో పెట్టి కళ్లు తుడుచుకుంది. శంకర్ నికొలస్ కాళ్లకి దండం పెట్టి బస్సెక్కాడు. బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. సంతకం పెట్టిన రోజు తర్వాత నికొలస్‌కి మొదటిసారి గుండె తేలికైంది.

మర్నాడు పొద్దున్నే గోలు ముందు నిలబడ్డాడు. వెనకాల ఎవరూ లేరు. ఎంత హాయిగా ఉందో.

పైడిరాజు మైదానం అంచు వెంట నడుచుకుంటూ వచ్చాడు.

"ఇంకో రెండో కీపర్ని ఎతకాల నికొలస్."

"ఎవలైనా పరవాలేదు బాస్. నానున్నాను కదా."

పైడిరాజు దొర్లుకుంటూ వచ్చిన బంతిని కాలితో ఆపాడు.

"శంకర్ సెప్పొద్దన్నాడని ఇన్నాళ్లూ నీకు సెప్పలేదు. ఇప్పుడు ఎల్లిపోయినాడు కాబట్టి సెప్తన్నాను," అన్నాడు. "ఆ రోజు క్లబ్ కమిటీ నిన్ను పంపించేసి మొదటి కీపర్ చోటు ఆడికే ఇస్తానంటే, నికొలసన్నని ఉంచితేనే సంతకం పెడతాను, నాకు బెంచీ సాలు అని పట్టుబట్టి నీకా రెండేళ్లు ఇప్పించింది ఆడే."